రోటరీ ఇంజన్: లోపల ఎట్లా తిరుగుతాది, యాడ దెబ్బ తింటాది?

ఏర్పేడు_మెకానికల్

అన్నలందరికీ నమస్తే. మా ఫైనలియర్ ప్రాజెక్టుకి వాంకెల్ రోటరీ ఇంజన్ తీసుకున్నాం, అంటే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్. పెట్రోలుతో నడిచేది కాదు. ఒక పక్క యాక్రిలిక్ షీటు బిగించి, పిడి తిప్పితే లోపల రోటర్ ఎట్లా కదులుతుందో కళ్లకు కనపడే మోడల్. భాగాలు త్రీడీ ప్రింటు తీస్తాం. యానిమేషన్ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, గీయడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గూడు, దాని లోపలి ఆకారాన్ని ఏ లెక్కన గీయాలి? రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు ఎందుకు తిరుగుతుంది? వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంత తేలిక ఇంజన్, ఇంత తక్కువ భాగాలు, మరి రోడ్ల మీద ఎందుకు కనపడదు?

చిత్తూరు_టర్నర్

తమ్ముడూ, హౌసింగుతో మొదలుపెడితే తికమకే. గేర్లతో మొదలుపెట్టు.

సైడ్ ప్లేటుకి బోల్టులతో బిగించిన చిన్న గేరు ఒకటి ఉంటాది. అది కదలదు. రోటర్ కడుపులో పళ్లు లోపలికి ఉన్న పెద్ద గేరు ఉంటాది. మజ్దా కార్లలో వచ్చిన రెండు రోటర్ల 13బి ఇంజన్లో చిన్నదానికి 34 పళ్లు, పెద్దదానికి 51. అంటే 2:3. రోటర్ కూర్చునేది షాఫ్టు మధ్యలో ఒక పక్కకు జరిగి ఉన్న గుండ్రటి దిమ్మ మీద. దాన్నే ఎక్సెంట్రిక్ అంటాం. షాఫ్టు ఒక చుట్టు తిరిగితే రోటర్ కేంద్రం కూడా చిన్న వలయంలో ఒక చుట్టు వేస్తాది. ఆ పోకలో పెద్ద గేరు, కదలని చిన్న గేరు మీద దొర్లుతాది. లెక్క ఇంతే: 1 నుంచి 34/51 తీసేస్తే 1/3. షాఫ్టు ఒక చుట్టుకి రోటర్ మూడో వంతు చుట్టు, అదే దిక్కున.

ఇప్పుడు రోటర్ మూల ఒకటి ఏ దారిన పోతుందో గీస్తే వచ్చే గీతే హౌసింగ్. రోటర్ కేంద్రం నుంచి మూలకి దూరం R, ఎక్సెంట్రిక్ జరుగుడు e, రోటర్ తిరిగిన కోణం α అనుకుంటే:

x = e cos 3α + R cos α
y = e sin 3α + R sin α

α సున్నా నుంచి 360 డిగ్రీల దాకా పోనిస్తే నడుము కొంచెం లోపలికి నొక్కుకున్న ఆకారం వస్తాది. 13బి కొలతలు R 105 మిల్లీమీటర్లు, e 15, రోటర్ వెడల్పు 80. పొడుగు దిక్కున R+e, అంటే కేంద్రం నుంచి 120. నడుము దగ్గర R−e, అంటే 90. కాబట్టి లోపలి ఖాళీ 240 × 180.

వైవాలో చాలామంది తడబడే చోటు ఒకటుంది. శక్తిని గేర్లు మోస్తాయనుకుంటారు. మోయవు. మండిన గ్యాసు రోటర్ ముఖాన్ని తోస్తాది, ఆ తోపుడు బేరింగు మీదుగా నేరుగా ఎక్సెంట్రిక్ మీద పడి షాఫ్టుని తిప్పుతాది. కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు చేసే పనే అది. గేర్లు ఉండేది రోటర్ ఏ క్షణాన ఏ కోణంలో ఉండాలో దారి చూపడానికి మాత్రమే.

పలమనేరు_పిస్టన్

బాగా చెప్పినావన్నా. నాకొక సందేహం. 13బిని 1.3 లీటర్ల ఇంజన్ అంటారు. కొందరు 2.6 అంటారు. 3.9 అని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. ఏది సరి?

చిత్తూరు_టర్నర్

మూడు లెక్కలూ సరైనవే, దేంతో పోలుస్తున్నావన్నదే తేడా.

రోటర్ ముఖానికీ హౌసింగుకీ మధ్య ఉన్న ఖాళీని గది అంటాం. ఒక గది ఘనపరిమాణం కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య తేడా 3√3 × e × R × వెడల్పు. పైన ఇచ్చిన కొలతలు వేసి చూడు, 5.196 × 15 × 105 × 80, సుమారు 654 సీసీ వస్తాది. రోటర్లు రెండు కాబట్టి 1308. కంపెనీ రాసేది ఇదే. వెడల్పు 70 వేస్తే 573 సీసీ, అదే మజ్దా పాత ఇంజన్ 12ఎ.

ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడు గదులు. ప్రతి గదీ ఇన్‌టేక్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్ నాలుగూ పూర్తి చేయడానికి షాఫ్టు 1080 డిగ్రీలు తిరగాలి, ఒక్కో స్ట్రోకుకి 270. మూడు గదులు వంతులవారీగా వస్తాయి కాబట్టి షాఫ్టు ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్ ఒకసారి కాలుస్తాది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్ తన కొలతంతా మింగడానికి రెండు చుట్లు తీసుకుంటాది. అదే రెండు చుట్లలో 13బి నాలుగు గదుల గాలి మింగుతాది, అంటే 2.6 లీటర్లు. పెట్రోలు ఖర్చు పోల్చేటప్పుడు ఈ లెక్కే న్యాయం. అన్ని గదులూ ఒక్కొక్కసారి పూర్తి చేసేదాకా కూడితే 3.9. జపాన్లో వాహన పన్నుకి కంపెనీ రాసిన కొలతని 1.5తో గుణిస్తారు.

మదనపల్లె_డీజిల్

పొగడ్త అయింది కాబట్టి అవతలి పక్క కూడా రాస్తాను. పెట్రోలు ఎక్కువ తాగడం ట్యూనింగ్ లోపం కాదు, అది ఆ ఆకారంలోనే ఉంది.

పిస్టన్ ఇంజన్లో మంట పుట్టే చోటు గుండ్రంగా, పొందికగా ఉంటుంది. రోటరీలో అది పొడుగ్గా, పలుచగా, సన్నటి చంద్రవంకలాగా ఉంటుంది. ఘనపరిమాణం తక్కువ, గోడల విస్తీర్ణం ఎక్కువ. మంట వేడిలో పిస్టన్ ఇంజన్ కన్నా ఎక్కువ భాగం షాఫ్టుకి చేరకముందే గోడల్లోకి పోతుంది. గోడలకి ఆనుకున్న మిశ్రమం చల్లబడి మంట అందక అట్లే మిగిలిపోతుంది. దానికి తోడు గది ఒకచోట నిలవదు, కాలుతూనే ముందుకు జరుగుతుంది. మంట వెనక మూల దాకా అందేలోపే ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుంటుంది. కాలని పెట్రోలు, విపరీతమైన వేడి రెండూ కలిసి సైలెన్సర్‌లోకి పోతాయి. హైడ్రోకార్బన్లు ఎక్కువ రావడానికి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తొందరగా చావడానికి మూలం ఇదే.

1973లో చమురు ధరలు పెరిగినప్పుడు రోటరీ మీద మొదటి దెబ్బ పడింది కూడా మైలేజీ దగ్గరే. మా డీజిల్ పక్కకి రావాలన్నా దారి లేదు. డీజిల్‌కి కావలసినంత కంప్రెషన్ ఈ ఆకారంలో తేవడం కష్టం. రోల్స్‌రాయిస్ వాళ్లు 1960ల చివర్లో ఒక పెద్ద రోటర్ గాలిని నొక్కి చిన్న రోటర్‌కి ఇచ్చేట్టు రెండంచెల డీజిల్ రోటరీ కట్టి చూశారు. అది ఉత్పత్తి దాకా రాలేదు.

రేణిగుంట_గ్యారేజీ

డీజిలన్న చెప్పింది ఇంధనం సంగతి. బండి షెడ్డుకొచ్చేది మాత్రం గ్యాసు జారిపోకుండా ఆపే సీళ్ల వల్ల. దీన్ని వివరంగా రాయాలి, ఎందుకంటే ఇంజన్ బతుకంతా వీటి మీదే ఉంది.

పిస్టన్‌కి రింగులు గుండ్రం, బోరు గుండ్రం, రింగు ముఖమంతా ఒకే ఒత్తిడితో ఆనుకుంటుంది. రోటర్‌కి ఒక్కోదానికి మూడు మూలల్లో మూడు అపెక్స్ సీళ్లు, రెండు పక్కలా కలిపి ఆరు సైడ్ సీళ్లు, అవి కలిసే చోట ఆరు కార్నర్ సీళ్లు. అన్నిటి కిందా స్ప్రింగులు. ఇవి కాక ఆయిల్ సీళ్లు. వీటిలో ఏ ఒక్కటి పట్టు వదిలినా పక్కపక్క గదులు కలిసిపోతాయి. పిస్టన్ ఇంజన్లో ఒక సిలిండర్ పోతే ఒక సిలిండరే పోతుంది. ఇక్కడ ఒక అపెక్స్ సీల్ పోతే దానికి రెండు వైపులా ఉన్న రెండు గదులూ దెబ్బతింటాయి.

అపెక్స్ సీల్ హౌసింగుకి ఎప్పుడూ నిటారుగా ఆనదు. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి వాలుతుంది. ఆ వాలు ఎంతంటే, సైన్ విలువ 3e/R. 13బికి 45/105, అంటే సుమారు 25 డిగ్రీలు. అందుకే సీల్ కొనని గుండ్రంగా చెక్కుతారు. వేగం, వాలు, గ్యాసు ఒత్తిడి మారుతూ ఉంటే సీల్ అదిరి, హౌసింగ్ లోపలి పూత మీద అడ్డంగా గీతలు పెడుతుంది. 1960ల మొదట్లో మజ్దా ఇంజనీర్లు దీన్ని సైతాను గోటి గీతలు అని పిలిచేవాళ్లు. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్ల బృందం దీని మీద కూర్చుంది. సీల్ అదురుడు స్వభావాన్ని మార్చడానికి అందులో అడ్డంగా, నిలువుగా రంధ్రాలు వేసి చూశారు. ఉత్పత్తికి పోయింది మాత్రం అల్యూమినియం నింపిన కార్బన్ సీల్. 1967లో మజ్దా మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ బయటికొచ్చింది. అదే ఏడు జర్మనీ ఎన్ఎస్‌యూ వాళ్ల రో 80 వచ్చింది. కారు ఎంతో మెప్పు పొందింది గానీ సీళ్ల అరుగుదలకి వారంటీ ఇంజన్లు మార్చి మార్చి కంపెనీ నలిగిపోయింది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరింది.

ఆయిల్ ఎందుకు తాగుతుందంటే, అపెక్స్ సీల్‌కి కింద నుంచి ఆయిల్ అందే దారి లేదు. అందుకని మీటరింగ్ పంపు సంప్ నుంచి కొద్దికొద్దిగా ఆయిల్ తీసి లోపలికి చిమ్ముతుంది, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. అది ఇంజన్ కట్టిన పద్ధతే, రోగం కాదు. రోగం ఎప్పుడంటే, ఆయిల్ తగ్గకపోతే! రోటరీలో డిప్‌స్టిక్ నెలల తరబడి ఒకే గీత మీద ఉంటే పంపు చిమ్మడం లేదని అనుమానించాలి. చాలామంది జాగ్రత్త కోసం లీటరు పెట్రోలుకి 5 నుంచి 8 మిల్లీలీటర్ల మంచి టూస్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. అంతకు మించి పోస్తే ప్లగ్గులకు మసి పడుతుంది.

అలిపిరి_డ్రైవ్

ఇది మన ఘాట్ రోడ్డుకి పనికొస్తుందా? బెంగళూరు, చెన్నై పక్క అక్కడక్కడా దిగుమతి చేసుకున్న మజ్దా రోటరీ కారు ఆర్ఎక్స్-8 అమ్మకానికి వస్తుంటుంది. మనకు మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానులే తెలుసు, కార్ల షోరూం ఎప్పుడూ లేదు.

మదనపల్లె_డీజిల్

ఎక్కుతుంది, ఎక్కకపోవడం అనేది లేదు. కానీ ఆర్ఎక్స్-8 పై మోడల్ 250 హార్స్‌పవర్ ఇచ్చేది 8500 ఆర్పీఎం దగ్గర. టార్కు 216 న్యూటన్ మీటర్లే, అదీ 5500 దగ్గర. తిరుమల ఘాట్లో వేగానికి కట్టడి ఉంది, ముందర బస్సు, వంపు వెనక వంపు. ఇంజన్‌కి ఇష్టమైన చోటుకి సూదిని పోనివ్వలేవు. రెండో గేరులో కింది ఆర్పీఎంలో ఈడ్చుకుంటూ పోతే ప్లగ్గులకు మసి పడుతుంది, పెట్రోలు మంచినీళ్లలాగా పోతుంది. ఘాట్ కోసమే అయితే చిన్న టర్బో డీజిల్ ముందు ఇది నిలవదు.

రేణిగుంట_గ్యారేజీ

ఆ మాట ఒప్పుకుంటాను. అయితే 5000 దాటాక ఆ ఇంజన్ తిరిగే తీరు వేరే. పైకీ కిందికీ కొట్టుకునే బరువు ఏదీ లేదు. వాల్వులు, కామ్‌షాఫ్టు, టైమింగ్ బెల్టు లేవు. రెండు రోటర్లు, ఒక షాఫ్టు, కదిలే ముఖ్యమైన భాగాలు ఈ మూడే. 9000 ఆర్పీఎం దగ్గర కూడా రోటర్ తిరిగేది 3000 మాత్రమే. రెండు రోటర్లు ఒకదానికొకటి 180 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి అదురుడు దాదాపు రద్దయిపోతుంది. ఇంజన్ చిన్నది, తేలిక, అందుకే దాన్ని ముందు ఇరుసుకి వెనక, కిందికి దించి బిగించగలిగారు. మలుపుల్లో కారు ముక్కు బరువనిపించదు. ఇష్టపడేవాళ్లు ఊరికే ఇష్టపడరు.

ఇక అలిపిరి అన్న కొనాలనుకుంటే ఇవి చూడు.

కంప్రెషన్ టెస్ట్ లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. మామూలు గేజి ఒక రోటర్‌కి ఒకే అంకె, అదీ మూడింటిలో పెద్దది చూపిస్తుంది. మిగతా రెండు ముఖాలు చచ్చిపోయి ఉన్నా తెలియదు. రోటరీకి ప్రత్యేక టెస్టర్ ఉంది, మూడు ముఖాలకీ మూడు అంకెలు, సెల్ఫ్ తిప్పిన వేగం కూడా చూపిస్తుంది. ఆర్ఎక్స్-8కి 250 ఆర్పీఎం దగ్గర కొత్త ఇంజన్ 830 కిలోపాస్కల్ ఉండాలి. 680కి తగ్గితే బోరుకొచ్చినట్టే. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 100 దాటకూడదు. బ్యాటరీ నీరసంగా ఉండి నెమ్మదిగా తిరిగితే అంకెలు తగ్గి కనిపిస్తాయి, వేగానికి సరిచేసుకుని చదవాలి.

ఆ టెస్టర్ దొరకకపోతే మామూలు గేజిలోంచి చిన్న వాల్వు పిన్ను తీసేయండి. అప్పుడు ముల్లు ఒకచోట ఆగకుండా ప్రతి ముఖానికీ ఒకసారి ఎగురుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, సెల్ఫ్ కొడుతూ ఫోన్లో వీడియో తీసుకోండి. మూడు ఎగుర్లు సమానంగా ఉంటే సరే. ఒకటి పెద్దది, తర్వాత రెండు చిన్నవి అయితే ఆ రెండు గదుల మధ్య ఉన్న అపెక్స్ సీల్ పోయిందన్నమాట.

రెండోది, వేడి మీద స్టార్టింగ్. అరగంట నడిపి, ఆపి, పది పదిహేను నిమిషాలయ్యాక సెల్ఫ్ కొట్టండి. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, వేడి మీద మొరాయిస్తే సీళ్లు అరిగినట్టే లెక్క. అమ్మేవాళ్లు బండి చల్లగా ఉన్నప్పుడే చూపించాలని చూస్తారు.

మూడోది, రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, తీపి వాసన వచ్చి, కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తుంటే హౌసింగుల మధ్య వాటర్ సీల్ పోయింది. ఇంజన్ మొత్తం విప్పక తప్పదు.

పలమనేరు_పిస్టన్

వాటర్ సీల్ ఎందుకు పోతుందన్నా? హెడ్ గ్యాస్కెట్ లాంటిదే కదా?

రేణిగుంట_గ్యారేజీ

పని అదే, పడే కష్టం ఎక్కువ. పిస్టన్ ఇంజన్లో ఒకే చోట చల్లటి మిశ్రమమూ వస్తుంది, మంటా మండుతుంది, సగటు మీద గోడ వేడి సర్దుకుంటుంది. రోటరీలో ఒక పక్క ఎప్పుడూ ఇన్‌టేకే, ప్లగ్గులున్న పక్క ఎప్పుడూ మంటే. హౌసింగ్ ఒక పక్క కాగుతూ, ఇంకో పక్క చల్లగా ఉంటుంది. పైగా రోటర్ హౌసింగ్ అల్యూమినియం, సైడ్ ప్లేట్లు పోత ఇనుము. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. వీటన్నిటినీ పొరలు పొరలుగా పేర్చి, ముందు నుంచి వెనక దాకా పొడుగాటి బోల్టులతో కట్టేస్తారు. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయితే ఆ పొరల మధ్య రబ్బరు సీల్ నలిగి చస్తుంది. రేడియేటర్ చల్లబరిచాక బండి మామూలుగానే నడుస్తున్నట్టుంటుంది, వారం తర్వాత తెల్ల పొగ మొదలవుతుంది.

తిరుపతిలో ఏప్రిల్, మే ఎండలు, లీలామహల్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని కదలని ట్రాఫిక్. ఇక్కడ రేడియేటర్ ఫిన్నులు మూసుకుపోయినా, ఫ్యాన్ రెండో స్పీడు పనిచేయకపోయినా అసలుకే ఎసరు. రోటర్ లోపలి వేడిని తీసేది ఇంజన్ ఆయిలే కాబట్టి ఆయిల్ కూలర్ ముందు ఆకులు, దుమ్ము పేరుకోకుండా చూసుకోవాలి. కంపెనీ మీటరు ముల్లు చాలాసేపు మధ్యలోనే నిలబడి ఆలస్యంగా కదులుతుంది. దాన్ని నమ్ముకోకుండా డిగ్రీలు చూపే గేజి వేరే పెట్టుకోవాలి.

ఏర్పేడు_మెకానికల్

ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు ఉండేది పొడుగాటి గది వల్లేనా? వరదొచ్చినట్టు పెట్రోలు నిండిపోతుందని, ఫ్లడింగ్ అని అంటుంటారు, అదేంటి?

రేణిగుంట_గ్యారేజీ

అవును, పొడుగు వల్లే. నడుముకి అటొకటి ఇటొకటి. 13బిలో కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. ముందు లీడింగ్ కొడుతుంది, పని ఎక్కువ భాగం దాందే. ట్రెయిలింగ్ రంధ్రం కావాలనే సన్నగా ఉంటుంది, ఎందుకంటే అపెక్స్ సీల్ దాని మీదుగా పోయేటప్పుడు రెండు గదుల ఒత్తిడిలో తేడా బాగా ఉంటుంది, రంధ్రం పెద్దదైతే గ్యాసు ఒక గది నుంచి ఇంకో గదికి జారిపోతుంది. ఆర్ఎక్స్-8లో రెండు ప్లగ్గులూ రెండు రకాలు, ఒకటి తీసి ఇంకోచోట పెట్టకూడదు. ఆ కారులో ముందుగా నీరసించేవి ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు. కాయిల్ బలహీనమైతే పెట్రోలు సగం కాలి, మిగతాది కన్వర్టర్లో మండి దాన్ని కరిగిస్తుంది, కరిగిన కన్వర్టర్ ఎగ్జాస్ట్‌కి అడ్డుపడుతుంది, ఆ వేడి వెనక్కి తిరిగి సీళ్ల మీద పడుతుంది. ఒక కాయిల్ సెట్టుకి వెనకాడితే ఇంజన్ దాకా వస్తుంది.

ఫ్లడింగ్ ఎట్లా వస్తుందంటే: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, గేటు దగ్గర నుంచి షెడ్డులోకి నాలుగడుగులు జరిపి, వెంటనే ఆపేయడం. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అది గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది. ఆయిల్ లేక సీల్ పట్టు తగ్గి, కంప్రెషన్ రాక, మళ్లీ స్టార్ట్ కాదు. సెల్ఫ్ కొట్టేకొద్దీ ఇంకా పెట్రోలు చేరుతుంది.

అప్పుడు చేయాల్సింది: యాక్సిలరేటర్ నేల దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, అట్లా తొక్కినప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. పది సెకన్లకు మించొద్దు, మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వండి. రెండు మూడుసార్లకి పట్టుకోకపోతే పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిళ్ల కనెక్టర్లు ఊడదీసి, సెల్ఫ్ తిప్పి లోపలి పెట్రోలు బయటికి ఊదేయండి. దగ్గర్లో నిప్పు, వెల్డింగ్ ఏమీ ఉండకూడదు. కింది ప్లగ్గు రంధ్రాల్లోంచి ఒక్కో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, రెండు చుట్లు తిప్పి, ఆరబెట్టిన ప్లగ్గులు లేదా కొత్తవి బిగించి స్టార్ట్ చేయండి. కాసేపు దట్టంగా పొగ వస్తుంది, అది ఆ ఆయిల్ కాలడమే.

స్టార్ట్ చేశాక వేడెక్కనివ్వకుండా ఆపొద్దు. ఆపక తప్పకపోతే 3000 దగ్గర పది సెకన్లు పట్టి, వదిలి, అప్పుడు తాళం తిప్పండి.

పలమనేరు_పిస్టన్

మైలేజీ, పొగ గొడవలు పట్టించుకోని చోట రోటరీ ఇప్పటికీ రాజే. మా పక్కనే కోలారు ఎయిర్‌ఫీల్డ్ ఉంది కదా, 2009 మార్చిలో డీఆర్‌డీవో వాళ్ల నిశాంత్ డ్రోన్‌ని మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజన్‌తో మొదటిసారి అక్కడే ఎగరేశారు. 55 హార్స్‌పవర్, బరువు సుమారు 30 కిలోలు. బెంగళూరు ఎన్ఏఎల్, ఏడీఈ, అహ్మద్‌నగర్ వీఆర్‌డీఈ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిసి చేసిన పని. 30 కిలోల్లో 55 అంటే పిస్టన్ ఇంజన్‌తో అంత సులభంగా రాదు.

డ్రోన్‌కి ఇది అతకడానికి బరువొక్కటే కారణం కాదు. లేచినాక గంటల తరబడి దాదాపు ఒకే వేగంలో తిరుగుతుంది. కెమెరాకి అదురుడు పనికిరాదు. గాలి ఎప్పుడూ ముఖాన కొడుతూ ఉంటుంది. రోటరీకి కావలసినవన్నీ అవే. నియమిత గంటలకి విప్పి సీళ్లు మార్చడం విమానాల పనిలో మామూలే.

మదనపల్లె_డీజిల్

రేసులకీ అదే వర్తిస్తుంది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మజ్దా 787బిలో నాలుగు రోటర్లు, 2616 సీసీ, 700 హార్స్‌పవర్. అపెక్స్ సీళ్లు సెరామిక్, ఒక్కో రోటర్‌కి మూడు ప్లగ్గులు, వేగాన్ని బట్టి పొడుగు మారే ఇన్‌టేక్ గొట్టాలు. జపాన్ కంపెనీ ఒకటి ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. ఎప్పుడూ పై ఆర్పీఎంలో నడిచే ఇంజన్‌కి, దుకాణం దాకా పోయి వచ్చే ఇంజన్‌కి ఆయుష్షు ఒకటి కాదు.

చిత్తూరు_టర్నర్

అందుకే 2023లో మజ్దా దాన్ని చక్రాల నుంచి విడదీసింది. ఎంఎక్స్-30 ఆర్-ఈవీ కారులో ఉన్న 8సి ఇంజన్ ఒకటే రోటర్, 830 సీసీ, 55 కిలోవాట్లు. జనరేటర్‌ని తిప్పడమే దాని పని, కారుని నడిపేది మోటారు, 17.8 కిలోవాట్ అవర్ బ్యాటరీ. R 120, e 17.6, వెడల్పు 76 అని వేసి పైన ఇచ్చిన లెక్క కట్టుకోండి, దగ్గర దగ్గరగా అదే వస్తాది. పెట్రోలు నేరుగా గదిలోకే చిమ్ముతారు. అపెక్స్ సీల్ మందం ఆర్ఎక్స్-8లో 2 మిల్లీమీటర్లుండేది, దీంట్లో 2.5 చేశారు. సైడ్ ప్లేట్లు కూడా అల్యూమినియం చేసి బరువు తగ్గించారు. జనరేటర్ ఇరుకు చోట పట్టాలి, అదురు లేకుండా ఉండాలి, ఆ రెండిటికీ రోటరీ సరిపోయింది. మైలేజీలో మాత్రం మంచి పిస్టన్ హైబ్రిడ్‌ని ఇది కొట్టలేదు, డీజిలన్న చెప్పిన చంద్రవంక ఆకారం ఎక్కడికీ పోలేదు కాబట్టి.

ఏర్పేడు_మెకానికల్

అందరికీ చాలా థాంక్సన్నా. చివరిగా మోడల్ కొలతలు. ప్రింటర్ బెడ్ 200 మిల్లీమీటర్లు. 13బిని సగానికి కుదించి గీయమంటారా?

చిత్తూరు_టర్నర్

కుదించొద్దు. కుదిస్తే గేరు మాడ్యూల్, అంటే పన్ను సైజు, పిచ్చి అంకె వస్తాది, కొన్న గేరు ఏదీ సరిపోదు. గేరు ముందు ఎంచుకుని, దాన్నుంచి మిగతా కొలతలు తీయి.

మాడ్యూల్ 1, చిన్న గేరు 24 పళ్లు, రోటర్ లోపలి గేరు 36 పళ్లు. రెండిటి తేడాలో సగం ఎక్సెంట్రిక్ జరుగుడు, కాబట్టి e 6 మిల్లీమీటర్లు. R/e నిష్పత్తి 13బిలో 7, అదే పెట్టుకుంటే R 42. హౌసింగ్ లోపల 96 × 72. వెడల్పు 20 చాలు. లెక్కకి ఒక గది 26 సీసీ వస్తాది, బోర్డు మీద రాసుకోవచ్చు.

షాఫ్టు 12 మిల్లీమీటర్ల ఉక్కు కమ్మీ తీసుకో, చిన్న గేరు మధ్యలోంచి సుఖంగా పోతాది. ఎక్సెంట్రిక్ దిమ్మ వ్యాసం 26. ఎందుకంటే షాఫ్టు వ్యాసానికి రెండింతల e కలిపితే 24, దిమ్మ దానికన్నా పెద్దది కాకపోతే షాఫ్టు దిమ్మ అంచు దాటి బయటికొస్తాది. రోటర్ కేంద్రం నుంచి ముఖం నడిమధ్యకి R−2e, అంటే 30కి మించకూడదు. 29.5 పెట్టు, ప్రింటులో గరుకు ఉంటాది.

మూలల్లో సీళ్లకి 2 మిల్లీమీటర్ల గాడి తీసి, అదే మందం ప్లాస్టిక్ పట్టీ కొన గుండ్రంగా చెక్కి, కింద బాల్‌పెన్ స్ప్రింగు ముక్క పెట్టు. కొన గుండ్రం వ్యాసార్ధం 1 అయితే హౌసింగ్ గీతని అంతటా 1 మిల్లీమీటరు బయటికి జరిపి గీయాలి. అప్పుడు లోపలి ఖాళీ 98 × 74 అవుతాది. ఇది మరిచిపోతే రోటర్ ఇరుక్కుంటాది.

బిగించేటప్పుడు ఎక్సెంట్రిక్ దిమ్మని హౌసింగ్ పొడుగు దిక్కుకి తిప్పి పెట్టు, రోటర్ మూల ఒకటి కచ్చితంగా అదే దిక్కు చూడాలి, అప్పుడు గేర్లు కలుపు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా సగం చుట్టు కూడా తిరగదు. సరైన పన్ను దొరకగానే రెండు గేర్ల మీదా మార్కరుతో చుక్క పెట్టుకో, మళ్లీ విప్పినప్పుడు వెతుక్కోవాల్సిన పనుండదు. గీసిన ఫైలు ఇక్కడ పెట్టు, ప్రింటుకి ఇచ్చే ముందు కొలతలు చూస్తాను.